కొండ దిగి వచ్చిన పేరు

పేర్లలో మన చరిత్ర – 9వ భాగం

శృంగవరపుకోటలో నా చిన్నతనంలో మా వీధికి ముగ్గురు అప్పలనాయుళ్లు ఉండేవారు. చెరువు గట్టు కింద ఇల్లున్నాయన గట్టు అప్పలనాయుడు. ఎద్దు గానుగ ఆడించే ఇంటాయన గానుగ అప్పలనాయుడు. మూడో ఆయన ముగ్గురిలోకీ పెద్దవాడు, ఆయనకు ముందు ఏ మాటా తగిలించేవారు కాదు. ఉత్త అప్పలనాయుడు. బడికి వెళితే మా తరగతిలో ఇద్దరు అప్పలరాజులు, ఒక అప్పలస్వామి, ఆడపిల్లల వరసలో ఒక అప్పలనర్సమ్మ, ఒక సింహాచలం. మాస్టారు హాజరు వేసేటప్పుడు పేరు కన్నా ఇంటిపేరును గట్టిగా పలికేవారు. వట్టి పేరు పిలిస్తే ఎవరు పలకాలో మాకే తెలిసేది కాదు.

అప్పట్లో అదేమీ వింతగా అనిపించలేదు. ఊరు దాటి చదువుకు వెళ్లాకే, మిగతా తెలుగుదేశంలో ఇన్ని 'అప్పల'లు లేరని తెలిసింది. గుంటూరులో ఎంతమంది కోటేశ్వరరావులుంటారో, కరీంనగర్ వైపు ఎంతమంది రాజయ్యలుంటారో, మా దగ్గర అంతమంది అప్పలనాయుళ్లు. పేరు వింటే చాలు, మనిషి ఏ కొండ నీడలో పుట్టాడో చెప్పేయొచ్చు.

పోయిన సంచికలో పైడిరాజు పేరు వెంట విజయనగరం దాకా వెళ్లాం. పైడితల్లి అమ్మవారి కథలో ఒక మనిషి పేరు కావాలనే దాటేశాను, ఈ భాగం కోసం దాచుకున్నాను. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం, ఆ వెంటనే విజయనగరం ప్రభువు విజయరామరాజు హత్య. అన్న మరణవార్త విని పైడిమాంబ పెద్దచెరువు దగ్గర ప్రాణం విడిచిందని, తాను చెరువు పడమటి ఒడ్డున విగ్రహంగా దొరుకుతానని వెంట ఉన్న ఒక భక్తుడికి చెప్పిందని విజయనగరంలో చెప్పుకొనే కథ. నీళ్లలోకి జాలర్లను దింపి అమ్మవారిని పైకి తీయించిన ఆ మనిషి పేరు పతివాడ అప్పలస్వామి నాయుడు. ఈనాటికీ సిరిమాను ఎక్కే పూజారులు ఆయన వంశంవారే. అమ్మవారు పుట్టకముందే ఆ పేరు ఉందన్నమాట. పైడి పేర్లన్నీ ఆ చెరువు నుంచి పైకి వచ్చినవైతే, అంతకుముందే ఈ నేల మీద తిరుగుతున్న పేరు ఇంకో చోటి నుంచి వచ్చింది. అది సింహాచలం కొండ.

ఉత్త అప్పలనాయుడు గారికి ఆ పేరు ఎలా వచ్చిందో మా అమ్మ చెప్పేది. ఆయన తల్లికి ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదు. మొగుడూ పెళ్లాం కోట నుంచి కొండకు నడిచి వెళ్లారు. గంగధారలో స్నానం చేసి, గుడిలోని కప్పస్తంభాన్ని కౌగిలించుకున్నారు. సంతానం లేనివాళ్లు ఆ స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని మొక్కుకుంటే కడుపు పండుతుందన్నది నమ్మకం. ఇప్పటికీ అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. పాదాలు నేలకు ఆనించి, చెంప రాతికి ఆనించి, కళ్లు మూసుకుని ఉన్న ఆడమనిషి వెనక మొగుడు కొబ్బరికాయ సంచి పట్టుకుని నిలబడి ఉంటాడు. పూజారి జరగమన్నా ఆమె ఇంకో క్షణం వదలదు. ఆ ఒక్క క్షణంలో ఆమె ఏమడుగుతుందో ఎవరూ వినరు. బిడ్డ పుట్టాక పేరు విని ఊరంతా తెలుసుకుంటుంది.

మగబిడ్డ పుట్టాడు. ఇంటి ఆవు ఈనిన కోడెదూడను ఏడాది పాటు ఎవరికీ అమ్మకుండా, నాగలికి కట్టకుండా పెంచారు. ఆ ఏడాది చివర పిల్లవాణ్ని భుజం మీదా, దూడను పలుపుతాడుతోనూ పట్టుకుని లక్కవరపుకోట, కొత్తవలస, పెందుర్తి మీదుగా నడిచారు. నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి. దూడ నుదుట పసుపు రాసి, మెళ్లో కొత్త తాడు కట్టారు. కొండ దగ్గర పిల్లవాడికి పుట్టువెంట్రుకలు తీయించి, దూడను స్వామికి అప్పగించి, పిల్లవాణ్ని మాత్రం వెనక్కి తెచ్చుకున్నారు. ఉత్తరాంధ్ర రైతు ఇంట్లో ఇది కోడె మొక్కు. సింహాచలం గోశాలలోని దూడల్లో చాలా భాగం అలా మొక్కుబడిగా వచ్చినవే.

"ఆ సామి ఇచ్చిన గుంటడు. ఇంకో పేరెట్టడానికి మనమెవులం?" అనేదట ఆ తల్లి.

ఈ మాట దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. పేరు పెట్టడమంటే మనం ఇప్పుడు ఎంచుకోవడం అనుకుంటున్నాం. నాలుగు పేర్లు రాసుకుని, చెవికి ఇంపుగా ఉన్నది తీసుకుంటాం. ఆ తల్లి లెక్కలో ఎంపిక లేదు. బిడ్డ ఎవరి దగ్గర నుంచి వచ్చాడో వాళ్ల పేరే వాడిది. దూడతో పాటు పేరు కూడా మొక్కులో భాగం. పిల్లవాణ్ని పిలిచినప్పుడల్లా ఆ బాకీ గుర్తుకొస్తుంది.

మరి ఆ కొండ మీది స్వామికి అప్పన్న అన్న పేరు ఎలా వచ్చింది? శాసనాల్లో ఆయన నరసింహనాథుడు. పూజలో వరాహలక్ష్మీ నరసింహస్వామి. రైతుల నోట, కూలీల నోట, జాలర్ల నోట మాత్రం అప్పన్న. సింహాద్రి అప్పన్న. పండితులు పెట్టింది కాదిది, పిలవగా పిలవగా నిలిచింది.

'అప్ప' అనే మాట ద్రావిడ భాషలన్నిటికీ ఉమ్మడి ఆస్తి. కన్నడంలో, తమిళంలో తండ్రి. 7వ శతాబ్ది శైవ భక్తుడు తిరునావుక్కరసును పసివాడైన సంబందర్ 'అప్పర్' అని పిలిచాడనీ, ఆ పిలుపే ఆయన పేరైపోయిందనీ తమిళుల కథ. తెలుగు నిఘంటువులు 'అప్ప'కు తండ్రి అనీ, తల్లి అనీ, అక్క అనీ అర్థాలు చెబుతాయి. మా ఉత్తరాంధ్ర ఇళ్లలో ఇప్పటికీ అప్ప అంటే అక్క. "అప్పా, అన్నం ఎట్టీ" అని తమ్ముడు అడుగుతాడు. దానికి 'అన్న' చేరింది. తండ్రో తల్లో అక్కో, ఆ వెంట అన్న. ఇంట్లో మనకన్నా పెద్దవాళ్లందరినీ ఒక్క పిలుపులో పెట్టి దేవుణ్ని పిలిచారు. నరసింహుడు ఉగ్రమూర్తి. స్తంభం చీల్చుకుని వచ్చి పొట్ట చీల్చినవాడు. అలాంటివాణ్ని 'అప్పన్నా' అని పిలవడంలో భయం కనిపించదు నాకు, చనువే కనిపిస్తుంది. ఇంట్లో కోపిష్టి పెద్దన్నను బతిమాలుకునే గొంతు అది.

'అప్పలనాయుడు'లోని 'ల' సంగతి కూడా చెప్పాలి. పేర్లు అతికించేటప్పుడు ఊరికే దొర్లిన అక్షరమని కొందరంటారు. నాకు అలా తోచదు. పెద్దవాళ్లను మర్యాదకు బహువచనంలో అనడం మనకు అలవాటు. అయ్యలు, దొరలు, అప్పలు. అప్పల అంటే అప్పలవారి, అంటే అప్పన్నగారి. అప్పలనాయుడంటే అప్పన్నగారి నాయుడు, అప్పలరాజంటే అప్పన్నగారి రాజు. ఆ ఒక్క అక్షరం పిల్లవాడు ఎవరి సొత్తో చెబుతోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. 'అప్ప' ఉన్న పేర్లన్నీ సింహాచలం నుంచి వచ్చినవి కావు. నూజివీడు జమీందార్లు అప్పారావులు. బసప్ప, చెన్నప్పలు కన్నడ సీమవారు. విజయనగరం తలుచుకోగానే గుర్తొచ్చే గురజాడ వారి పూర్తి పేరు వెంకట అప్పారావు. ఆ అప్పారావును కూడా కొండకు కట్టేయాలన్న ఆశ నాకు లేకపోలేదు. కానీ 'అప్పల' అన్న రూపం వేరు. అది మాత్రం ఆ కొండదే.

ఆ కొండ ఎంత పాతదో చెప్పడానికి అక్కడి రాళ్లే చాలు. గుడి గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలున్నాయి. అన్నిటికన్నా పాతవి 11వ శతాబ్ది చివరివి, కులోత్తుంగ చోళుడి కాలంవి. ఇప్పుడు మనం చూస్తున్న కట్టడానికి రూపం వచ్చింది 13వ శతాబ్దిలో, తూర్పు గాంగుల చేతుల మీద. కోణార్క సూర్యదేవాలయం కట్టించిన మొదటి నరసింహదేవుడే (1238–1264) ఇక్కడా చేయి వేశాడు. ఆయన పేరులోనూ నరసింహుడే ఉన్నాడు. రాజు పేరు సంస్కృతంలో నరసింహదేవుడు, ఆయన రాజ్యంలోని రైతు పేరు తెలుగులో అప్పన్న. ఇద్దరూ ఒకే స్వామి బిడ్డలు. కళింగం మీదికి దండెత్తి వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఈ కొండ ఎక్కి నగలు సమర్పించి శాసనం వేయించాడు. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే గుమ్మంలో తల వంచారు. తర్వాతి శతాబ్దాల్లో పూసపాటి గజపతులు ధర్మకర్తలయ్యారు. ఆ ధర్మకర్తృత్వం ఇప్పటికీ వాళ్ల వంశంలోనే ఉంది.

రాజుల కన్నా నాకు ఇద్దరు కవులు ముఖ్యం. కాకతీయుల చివరి కాలంలో ఈ స్వామి సన్నిధిలో కూర్చుని కృష్ణమాచార్యులు వచనాలు చెప్పాడు. ఛందస్సు లేకుండా, మనిషితో మాట్లాడినట్టు దేవుడితో మాట్లాడిన తెలుగు అది. మన భాషలో వచన రచనకు ఆద్యుడిగా ఆయన్ను చెబుతారు. 18వ శతాబ్దిలో, సైన్యాలు గుళ్ల మీద పడి దోచుకుంటున్న రోజుల్లో, గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకం రాశాడు. స్వామిని నిలదీసి, తిట్టి, రెచ్చగొట్టి, లేచి వచ్చి కాపాడమని అడిగాడు. ఆ కవి పేరు చూడండి, కూర్మనాథుడు. శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మం స్వామి పేరు. ఒక గుడి పేరు పెట్టుకున్నవాడు ఇంకో గుడి దేవుణ్ని కాపాడుకోవడానికి కలం పట్టాడు. మా వైపు పేర్లు ఇలాగే ఉంటాయి. అరసవల్లి నుంచి సూర్యనారాయణలు, శ్రీకూర్మం నుంచి కూర్మారావులు, శ్రీముఖలింగం నుంచి ముఖలింగాలు, అనకాపల్లి నూకాంబిక నుంచి నూకరాజులు, పూరీ నుంచి జగ్గారావులు, జగన్నాథాలు. పాత హాజరు పట్టీ ఒకటి ముందు పెట్టుకుని పేర్లను గుళ్లకు కలుపుతూ గీతలు గీస్తే, తాతముత్తాతలు కాలినడకన తిరిగిన తీర్థాల దారులు బయటపడతాయి.

ఈ స్వామికి ఇంకో విశేషం ఉంది. ఏడాది పొడుగునా ఆయన రూపం ఎవరికీ కనిపించదు. ఉగ్రం చల్లారడానికి ఒళ్లంతా చందనం పూస్తారు. చూడబోతే శివలింగంలా ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ నాడు, అక్షయ తృతీయకు, పాత చందనం ఒలిచి ఒక్కరోజు నిజరూపం చూపిస్తారు. ఆ రాత్రే మళ్లీ మూడు మణుగుల చందనం పూత. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పున్నములకు ఇంకో మూడు విడతలు. అరగదీసేది చేత్తోనే, రాతి మీద. కొండ మీద ఆ పని జరిగే రోజుల్లో గుడి వసారాలో నిలబడితే తడి చందనం వాసన గొంతులోకి దిగుతుంది.

మా కోటలో పెద్దవాళ్లకు పుట్టినతేదీలు తెలియవు. "నువ్వెప్పుడు పుట్టేవు తాతా?" అంటే "సందనం ఎల్లిన మూడో దినాన" అనేవారు. ఏ సంవత్సరమో చెప్పలేరు గానీ చందనోత్సవానికి ముందో వెనకో మాత్రం తప్పకుండా చెబుతారు. ఆషాఢ చతుర్దశికి 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, సముద్రపు ఒడ్డు, మాధవధార, గోపాలపట్నం చుట్టి మళ్లీ తొలిపావంచాకు. కోట నుంచి ఇప్పటికీ బస్సుల నిండా జనం దానికి వెళతారు. ఆ నడకలో ఎవరైనా "అప్పన్నా!" అని గట్టిగా అరిస్తే దేవుడితో పాటు పదిమంది మనుషులు కూడా వెనక్కి తిరుగుతారు.

పోలండు దేశంలో ఇలాంటి ఆచారమే ఒకటుంది. అక్కడ పుట్టినరోజు కన్నా పేరురోజును ఘనంగా జరుపుకోవడం పాత అలవాటు. ఏ పుణ్యపురుషుడి పేరు పెట్టుకుంటే ఆయన పండుగ రోజే నీ పండుగ. వొయ్‌చెఖ్ అన్నది అక్కడి తరతరాల మగపిల్లల పేరు. యోధుడు, సంతోషం అన్న రెండు పాత స్లావ్ మాటల కలయిక. ఆ పేరున్న మతగురువు ఒకాయన క్రీస్తుశకం 997లో మతప్రచారానికి వెళ్లి హతుడయ్యాడు. ఆయన శవాన్ని పోలండు రాజు బంగారంతో తూచి కొన్నాడని కథ. గ్నీజ్నో నగరంలో ఆయన సమాధి ఉంది. ఏప్రిల్ 23 వచ్చిందంటే దేశంలోని వొయ్‌చెఖ్‌లందరికీ పండుగే. అది చదివినప్పుడు నాకు చందనోత్సవం రోజు కోట బస్టాండు గుర్తొచ్చింది.

ఆ దేశంలోనే ఇంకో పాత పేరు ఉంది, బొగ్దాన్. 'బొగ్' అంటే దేవుడు, 'దాన్' అంటే ఇవ్వబడినవాడు. దేవుడిచ్చినవాడు. భాషల చుట్టరికాలు తెలిసినవాళ్లు ఆ 'బొగ్'కూ మన 'భగవంతుడు'లోని 'భగ'కూ బంధుత్వం చెబుతారు. 'దాన్'కూ మన 'దానం', 'దత్తం' మాటలకూ మూలం ఒక్కటే. అంటే విస్తులా నది ఒడ్డు బొగ్దానూ సంస్కృతపు దేవదత్తుడూ దాయాదులు. "ఆ సామి ఇచ్చిన గుంటడు" అన్న కోట తల్లి మాటను ఏడు సముద్రాల అవతల ఇంకో తల్లి తన భాషలో అంది, అంతే తేడా. మా దగ్గర ఇంకా సూటిగా 'దేముడు' అనే పేరే పెట్టేస్తారు. చింతపల్లి నుంచి శాసనసభకు వెళ్లిన గొడ్డేటి దేముడు అందరికీ తెలిసినవారే.

పోలండు రాజు శవాన్ని బంగారంతో తూచాడు. మా అమ్మమ్మల కాలంలో బిడ్డను తవుడుతో తూచేవారు. ఇది ఒక్కసారి దగ్గరగా చూడాలి. వరసగా బిడ్డలు పోతున్న ఇంట్లో ఇంకో బిడ్డ పుడితే, చాటలో తవుడు పోసి, పాత గుడ్డ పరిచి, బిడ్డను అందులో పడుకోబెట్టేవారు. పొరుగింటి ఆడమనిషి వచ్చి, "ఈ గుంటణ్ని నాకు అమ్మెత్తావేటి?" అని అడిగేది. తల్లి, "తీసికెళ్లు, నాకొద్దు" అనేది. ఆ పొరుగామె పిడికెడు తవుడు ఇచ్చి బిడ్డను కొనుక్కుని గుమ్మం దాటేది. కాసేపు వీధిలో తిప్పి మళ్లీ తెచ్చి, "నా బిడ్డను నువ్వు పెంచు" అని అప్పగించేది. మృత్యువు వచ్చి వెతికితే ఈ ఇంట్లో బిడ్డ లేడు. తవుడుకు అమ్ముడుపోయిన బిడ్డ మీద ఎవరికి కన్ను పడుతుంది? తవుడు, తవిటయ్య, తవిటినాయుడు అన్న పేర్లు అలా వచ్చాయి. పెంటయ్య అన్న పేరూ అలాంటిదే. సన్నాసి అన్నది గోదావరి దాటితే తిట్టు, మా దగ్గర సన్యాసిరావు, సన్యాసినాయుడు తలెత్తుకు తిరిగే పేర్లు. అన్నీ వదిలేసినవాడి పేరు పెడితే యముడు కూడా వదిలేస్తాడన్న ఆశ కొంత, శివుడి మీద భక్తి కొంత.

ఈ పేర్లు విని నవ్వేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. తవిటినాయుడు అన్న పేరు వెనక తల్లి పోగొట్టుకున్న బిడ్డలున్నారు. మందూ మాకూ లేని ఊళ్లో, కలరా, మశూచి ఏడాదికోసారి వచ్చిపోయే రోజుల్లో, చేతిలో ఉన్న ఒక్క ఆయుధం పేరు. దానితోనే ఆమె పోరాడింది. అప్పలనాయుడూ తవిటినాయుడూ ఒకే భయానికి పుట్టిన అన్నదమ్ములు. ఒకడి తల్లి బిడ్డను దేవుడికి అప్పగించింది, ఇంకొకడి తల్లి యముడి కంటపడకుండా దాచింది.

అప్పల పేరులో ముందు సగం కొండది, వెనక సగం కులానిది. నాయుడు, రాజు, ఆచారి, నరసింహశర్మ అని తోక మారుతుంది. రైతు, వడ్రంగి, బ్రాహ్మడు, జాలరి, చాకలి, అందరిళ్లలోనూ ముందు సగం ఒక్కటే. కులాలు విడిగా కూర్చునే ఊళ్లో ఒక్క మాటను అందరూ పంచుకోవడం తక్కువ సంగతేమీ కాదు. ఆడపిల్లలకూ ఇది వర్తిస్తుంది: అప్పయ్యమ్మ, అప్పలకొండ, అప్పలనర్సమ్మ. సింహాచలం అన్నది మగవాడికీ ఆడదానికీ కూడా పెట్టే పేరు. ఊరి పేరునే మనిషికి పెట్టేయడం ఎంత ప్రేమ ఉంటే జరుగుతుంది!

ఈ పేరు రాజకీయాల్లో, సాహిత్యంలో కూడా గట్టిగానే నిలబడింది. మా పక్కన ఒకప్పుడుండిన ఉత్తరాపల్లి నియోజకవర్గం పేరు చెబితే కోళ్ల అప్పలనాయుడు గారే గుర్తొస్తారు. గజపతినగరంలో బొత్స అప్పలనర్సయ్య, పలాసలో సీదిరి అప్పలరాజు. 2024లో విజయనగరం నుంచి పార్లమెంటుకు వెళ్లి, సైకిలు మీద సభకు చేరిన సభ్యుడు కలిశెట్టి అప్పలనాయుడు. శ్రీకాకుళం రైతు కడుపుకోతను కథల్లో పెట్టిన అట్టాడ అప్పల్నాయుడు మా తరం పాఠకులకు ఆత్మీయుడు. పార్టీలు, దారులు వేరు. పేరు మాత్రం ఆ కొండ దిగి వచ్చినదే.

సముద్రం దాటినప్పుడు కూడా ఈ పేరు వెంట వెళ్లింది. 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు, మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరులో డర్బన్ చేరిన ట్రూరో ఓడతో మొదలుపెట్టి నేటాల్ తోటలకు, మన కూలీలు వెళ్లారు. ఓడ గుమాస్తాలు వాళ్లకు ఒక అంకె వేసి, చెవికి వినిపించినట్టు పేరు రాసుకున్నారు. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. వాళ్లకు తండ్రి పేరే కుటుంబం పేరు. అలా ఒక తాత సొంత పేరు తరతరాల ఇంటిపేరైపోయింది. దక్షిణాఫ్రికాలో అప్పల్‌సామి, మారిషస్‌లో అప్పనా, సిమాద్రి అనే ఇంటిపేర్లు అలా పుట్టాయి. ఫ్రెంచి భాషలో నవలలు రాస్తున్న నతాషా అప్పనా 1973లో మారిషస్‌లో పుట్టింది. చెరకు తోటలకు వెళ్లిన కూలీల సంతతి ఆమె. పారిస్‌లో పుస్తకాల దుకాణం అద్దం వెనక అట్ట మీద ఆ పేరు చూసినవాళ్లకు అది ఎక్కడిదో తెలియదు. శృంగవరపుకోటలో ఎవరినడిగినా చెబుతారు.

మారిషస్ తెలుగువాళ్లు పేరుతో ఆగలేదు. అమ్మోరు పండుగ, రామభజనతో పాటు సింహాద్రి అప్పన్న పూజను కూడా నిలుపుకున్నారు. తెలుగు మాట్లాడటం మరిచిపోయిన ఇళ్లలో కూడా ఆ పూజ జరుగుతుంది. చందనం దొరకని దీవిలో, కొండ కనిపించని చోట, దాదాపు 200 ఏళ్లుగా. వాళ్లలో మొదటి తరం ఏ మొక్కు చెల్లించకుండానే ఓడ ఎక్కేసి ఉంటారో, ఎన్ని కోడెదూడలు బాకీ పడిపోయాయో అని నాకు అనిపిస్తుంటుంది.

ఇక్కడ ఇంట్లో ఉన్న మనమే ఈ పేరును పలచన చేసుకున్నాం. సినిమాలో నౌకరు కావాలంటే అప్పలకొండ, అమాయకుడు కావాలంటే అప్పలరాజు. ఆ పేరుతో పాటు మా యాసనూ నవ్వులాటకు వాడుకున్నారు. హైదరాబాదు హాస్టల్లో చేరిన మా ఊరి కుర్రాడు మొదటి వారంలోనే తన పేరును 'ఏఎన్' అని కుదించుకున్నాడు. ఒక కార్యాలయంలో ఉద్యోగం ఇచ్చేవాళ్లు అతణ్ని "ఇంకేదైనా పేరుందా?" అని అడిగారట. వాడు నాతో చెప్పినప్పుడు వాడి గొంతులో కోపం లేదు, సిగ్గు ఉంది. నాకు కోపం వచ్చింది. నరసింహదేవుడు, కృష్ణదేవరాయలు తల వంచిన స్వామి పేరు పెట్టుకున్నవాడు తల వంచుకోవాల్సిన పని లేదని వాడికి చెప్పాను. ఇప్పుడీ వ్యాసం రాయడం కూడా కొంత వాడి కోసమే.

మొన్న మాఘంలో కోటలో ఒక బారసాలకు వెళ్లాను. ఉత్త అప్పలనాయుడు గారి మునిమనవడి కొడుక్కి. పిల్లవాడి తండ్రి బెంగళూరులో ఉద్యోగం. పేరు ముందే ఖాయమైంది, రెండక్షరాలది, ఏ దేశంలోనైనా నోరు తిరిగేది. పళ్లెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో తండ్రి ఆ పేరు రాయబోయాడు. మంచం మీద కూర్చున్న ముసలమ్మ, ఉత్త అప్పలనాయుడు గారి కోడలు, చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు సామి పేరు రాయి నాయినా. తర్వాత నీ ఇట్టం."

"రాస్తాను నానమ్మా, రాయనంటానేటి?" అన్నాడు.

బియ్యంలో మూడక్షరాలు రాశాడు. ఒత్తు దగ్గర ఉంగరం జారి బియ్యం చెదిరితే, చెరిపి మళ్లీ రాశాడు. ముసలమ్మ వంగి ఆ అక్షరాలను వేలితో తడిమింది. ఆమెకు చదువు రాదు. పిల్లవాడి చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు ఆ పేరు పలికింది. ఆ తర్వాతే రెండక్షరాల పేరు, చప్పట్లు, ఫోటోలు.

భోజనాలయ్యాక ఆమె మనవణ్ని పక్కకు పిలిచి, "మరి దూడ మాటేటి?" అని అడిగింది. వాడు నవ్వలేదు. "తెల్లారితే బండి వత్తాది, మాటాడీసినాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే విజయనగరం బస్సు కోసం నిలబడితే, కొత్తవలస రోడ్డు మీదికి ఒక ట్రాలీ ఆటో మలుపు తిరిగింది. వెనక గడ్డి మోపు పక్కన ఎర్ర కోడెదూడ, కాళ్లు ఎడంగా పెట్టి, కుదుపుకు తూలుతూ నిలబడి ఉంది. నుదుటి పసుపు ఇంకా తడిగానే ఉంది. డ్రైవరు పక్క సీట్లో ముసలమ్మ, ఒళ్లో పిల్లవాడు.